సినిమా వేస్తే పాఠం అయిపోదు

అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో క్రిస్టల్ లేక్ అని ఒక చిన్న ఊరు ఉంది. 1930ల తొలినాళ్లలో రూత్ పీటర్సన్, ఎల్.ఎల్. థర్‌స్టన్ అనే ఇద్దరు పరిశోధకులు ఆ ఊరి బడిపిల్లల మీద ఒక అధ్యయనం చేశారు. సినిమాలు పిల్లల అభిప్రాయాలను ఏ మేరకు మారుస్తాయో తేల్చాలన్నది వారి ఉద్దేశం. అక్కడి పిల్లల్లో చాలామందికి నల్లజాతి వారితో పరిచయమే లేదు. ముందుగా నల్లజాతి వారి గురించి ఏమనుకుంటున్నారో ప్రశ్నపత్రం ఇచ్చి రాబట్టారు. తర్వాత డి.డబ్ల్యూ. గ్రిఫిత్ తీసిన ‘ది బర్త్ ఆఫ్ ఎ నేషన్’ చూపించారు. నల్లవారిని దుర్మార్గులుగా, వారిని వేటాడిన కూ క్లక్స్ క్లాన్ ముఠాను రక్షకులుగా చిత్రించిన మూకీ సినిమా అది. చూశాక మళ్లీ అడిగితే నల్లజాతి వారిపై పిల్లల అభిప్రాయం బాగా దిగజారింది. ఐదు నెలలు గడిచాక అడిగినా ఆ ప్రభావం పూర్తిగా వదల్లేదు. అదే పరిశోధకులు మరో ఊళ్లో చైనీయుల పట్ల సానుభూతి కలిగించే ‘సన్ ఆఫ్ ది గాడ్స్’ వేస్తే, అక్కడి పిల్లలకు చైనీయుల మీద మంచి అభిప్రాయం పెరిగింది. ఈ ఫలితాలు 1933లో పుస్తకంగా వచ్చాయి.

జాతి గురించి సినిమా పాఠం చెబుతుందని, ఎవరూ అడగకపోయినా చెబుతుందని ఆ అధ్యయనం తేల్చింది. ఈ బలాన్ని పీడించేవాళ్లు అంతకుముందే కనిపెట్టారు. 1915లో ‘ది బర్త్ ఆఫ్ ఎ నేషన్’ను అధ్యక్షుడు వుడ్రో విల్సన్ వైట్‌హౌస్‌లో వేయించుకుని చూశారు. దశాబ్దాలుగా చచ్చుబడి ఉన్న క్లాన్ ఆ ఏడాదే జార్జియాలో మళ్లీ తలెత్తి, సభ్యులను చేర్చుకోవడానికి ఆ సినిమానే వాడుకుంది. దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష పాలకులు 1976 దాకా దేశంలోకి టీవీనే రానివ్వలేదు. కాబట్టి బడిలో సినిమా వాడాలా వద్దా అన్న చర్చతో ఇప్పుడు ప్రయోజనం లేదు, ఎలా వాడాలన్నదే ప్రశ్న. నా జవాబు ఇది. సినిమా మనిషి ముఖాన్ని చూపిస్తుంది. వివక్ష ప్రధానంగా చట్టాల్లో, రిజిస్టర్లలో, పటాల్లో బతికింది. ఆ కాగితాలను తెచ్చి సినిమా పక్కన పెట్టినప్పుడే అది చరిత్ర పాఠం అవుతుంది. పెట్టకపోతే పిల్లలకు కన్నీళ్లు వస్తాయి, ఆ కన్నీళ్లకు కారణం ఏమిటో తెలియదు.

సినిమా ఇచ్చేదాన్ని తక్కువ చేయనక్కర్లేదు. ‘వేరుగా ఉంచినా సమానమే’ అనే సూత్రాన్ని అమెరికా సుప్రీంకోర్టు 1896లో ప్లెసీ కేసులో ఆమోదించిందని, 1954 మే 17న బ్రౌన్ కేసులో బడుల విషయంలో దాన్ని కొట్టేసిందని పాఠ్యపుస్తకం రెండు వాక్యాల్లో చెప్పేస్తుంది. పరీక్షలో రాయడానికి అంతే చాలు. కానీ ఆ రెండో తీర్పు వచ్చిన ఆరేళ్లకు, 1960 నవంబరులో, న్యూ ఆర్లియన్స్‌లో రూబీ బ్రిడ్జెస్ అనే ఆరేళ్ల పాప తెల్లవాళ్ల బడికి వెళ్లాలంటే ఫెడరల్ మార్షల్స్ కాపలా కావలసి వచ్చింది. బయట పెద్దవాళ్లు గుంపుగా నిలబడి అరిచారు. తెల్లవాళ్లు తమ పిల్లలను మాన్పించేశారు. ఏడాది పొడవునా ఆ పాప ఒక్కతే ఒక టీచరు ఎదురుగా కూర్చుని చదువుకుంది. 1998లో డిస్నీ తీసిన ‘రూబీ బ్రిడ్జెస్’లో ఆ ఖాళీ బెంచీలను చూసిన పిల్లలకు, తీర్పు రావడం వేరు, అది అమలు కావడం వేరు అని ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. తన వయసు పిల్ల అనుభవంలోంచి చట్టాన్ని చూపగల శక్తి పుస్తకానికి అరుదుగా ఉంటుంది, సినిమాకు సహజంగా ఉంటుంది.

అయితే అదే సినిమాకు ఒక కథానాయకుడు కావాలి, ఒక ప్రతినాయకుడు కావాలి, ప్రేక్షకుడు చప్పట్లు కొట్టే ఘట్టం కావాలి. చరిత్ర ఆ కొలతల్లో ఇమడదు కాబట్టి సినిమా దాన్ని కత్తిరించి కుడుతుంది. 2016లో వచ్చిన ‘హిడెన్ ఫిగర్స్’ చూడండి. అంతరిక్ష పరిశోధనలో లెక్కలు కట్టిన నల్లజాతి మహిళలు కాథరిన్ జాన్సన్, డరొతీ వాన్, మేరీ జాక్సన్‌ల కథ అది. అందులో తెల్లజాతి అధికారి ఒకాయన సుత్తి తీసుకుని ‘నల్లవారి మరుగుదొడ్డి’ అనే బోర్డును పగలగొడతాడు. థియేటర్లో అందరికీ గుర్తుండిపోయిన ఘట్టం అదే, అసలు జరగనిదీ అదే. ఆ అధికారి కల్పిత పాత్ర. కాథరిన్ జాన్సన్ ఎవరి అనుమతీ అడగకుండా తెల్లవారి మరుగుదొడ్డినే వాడుకున్నారు. వేరుగా పెట్టిన నల్లజాతి మహిళల విభాగాన్ని వారు పనిచేసిన సంస్థ 1958లోనే ఎత్తేసింది, సినిమా కథ మాత్రం 1961లో నడుస్తుంది. సినిమాకు ఆధారమైన మార్గో లీ షెటర్లీ పుస్తకంలో నిజంగా బోర్డు తీసేసిన మనిషి ఒకరున్నారు. ఆమె మిరియం మాన్ అనే నల్లజాతి ఉద్యోగిని. 1940లలో భోజనశాలలో తమ బల్ల మీద పెట్టిన బోర్డును తీసి సంచిలో వేసుకునేవారు. కొత్తది పెడితే దాన్నీ తీసేసేవారు. చివరికి పెట్టేవాళ్లే విసిగి మానేశారు. ఒక నల్లజాతి స్త్రీ పట్టుదలతో సాధించినదాన్ని సినిమా ఒక తెల్ల దొర ఔదార్యంగా మార్చేసింది.

ఇది ఒక్క సినిమాకు పరిమితమైన దోషం కాదు. 1964లో మిసిసిపీలో ఓటు హక్కు కోసం పనిచేస్తున్న ముగ్గురు యువకులు, చేనీ, గుడ్‌మన్, ష్వెర్నర్, హత్యకు గురయ్యారు. ఆ కేసు ఆధారంగా 1988లో వచ్చిన ‘మిసిసిపీ బర్నింగ్’లో వీరులు ఇద్దరు తెల్లజాతి ఎఫ్‌బీఐ అధికారులు. ప్రాణాలకు తెగించి ఉద్యమం నడిపిన స్థానిక నల్లజాతి ప్రజలు భయపడుతూ, మౌనంగా వెనక నిలబడి కనిపిస్తారు. అదే ఎఫ్‌బీఐ 1964లోనే మార్టిన్ లూథర్ కింగ్‌ను బెదిరిస్తూ ఆకాశరామన్న ఉత్తరం పంపిందన్న సంగతి సినిమాలో లేదు. రిచర్డ్ అటెన్‌బరో 1987లో తీసిన ‘క్రై ఫ్రీడమ్’లో దక్షిణాఫ్రికా ఉద్యమకారుడు స్టీవ్ బికో కథ సగంలోనే ముగుస్తుంది. మిగతా సగం ఆయన స్నేహితుడైన తెల్లజాతి పత్రికా సంపాదకుడు డొనాల్డ్ వుడ్స్ దేశం దాటిన సాహసం. తెల్ల ప్రేక్షకుడికి తనలాంటి మనిషి కనిపిస్తేనే టికెట్టు తెగుతుందన్న నిర్మాతల లెక్క ఇలాంటి కథనాల వెనుక ఉంటుంది. ఏ వ్యాఖ్యానమూ లేకుండా ఈ సినిమాలు చూసిన విద్యార్థి, అణచివేత కొందరు చెడ్డవాళ్ల పని, విముక్తి కొందరు మంచివాళ్ల దయ అనుకునే ప్రమాదం ఉంది.

మరి ఇన్ని తప్పులున్న సినిమాలను బడిలోకి ఎందుకు రానివ్వాలన్నది మొదటి అభ్యంతరం. దీనికి ఆధారం కూడా ఉంది. సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఆండ్రూ బట్లర్ బృందం 2009లో ఒక అధ్యయనం ప్రచురించింది. కళాశాల విద్యార్థులకు చరిత్ర వ్యాసాలు చదవడానికి ఇచ్చి, అదే అంశంపై సినిమా ముక్కలు చూపించారు. వ్యాసం, సినిమా ఒకే మాట చెప్పిన చోట విద్యార్థులకు విషయం మరింత బాగా గుర్తుంది. రెండూ విభేదించిన చోట చాలామంది సినిమా చెప్పిన తప్పునే ఒప్పనుకున్నారు. అంతేకాదు, దాన్ని వ్యాసంలోనే చదివామని నమ్మారు. ‘సినిమాల్లో తప్పులుంటాయి, జాగ్రత్త’ అని ముందుగా చెప్పిన సాధారణ హెచ్చరిక పెద్దగా పనిచేయలేదు. ఫలానా దృశ్యంలో ఫలానా సంగతి తప్పు అని వేలు పెట్టి చూపించినప్పుడు మాత్రం ఆ పొరపాటు బాగా తగ్గింది. సినిమాను నిషేధించడానికి కావలసిన వాదన ఈ ఫలితంలో లేదు. సినిమాతో పాటు తరగతిలో టీచరు ఏం చేయాలో మాత్రం స్పష్టంగా ఉంది.

దీన్నిబట్టి చూస్తే, తప్పున్న దృశ్యమే ఒక్కోసారి మంచి పాఠం అవుతుంది. ‘హిడెన్ ఫిగర్స్’లోని సుత్తి ఘట్టం చూపించి, వెంటనే మిరియం మాన్ సంగతి చెప్పి, దర్శకుడు ఈ మార్పు ఎందుకు చేసి ఉంటాడని తరగతిని అడిగితే, పిల్లలు ఒకే ప్రశ్నతో రెండు విషయాలు నేర్చుకుంటారు. ఒకటి 1940ల వివక్ష, రెండోది దాన్ని ఈనాటి సమాజం ఎలా గుర్తుచేసుకోవాలనుకుంటుందో. అవా డ్యువర్నే 2014లో తీసిన ‘సెల్మా’లో కింగ్ ప్రసంగాలు ఆయన మాటల్లో ఉండవు. ఆ హక్కులు అప్పటికే వేరే సంస్థ చేతిలో ఉండటంతో దర్శకురాలు కొత్తగా రాసుకోవలసి వచ్చింది. అధ్యక్షుడు లిండన్ జాన్సన్‌ను ఓటు హక్కు ఉద్యమానికి అడ్డుపడినవాడిగా చూపారని ఆయన దగ్గర పనిచేసినవారు గట్టిగా విమర్శించారు. ఈ వివాదాన్ని దాచిపెట్టకుండా పిల్లల ముందు పెట్టాలి. రెండు వైపుల వాదనలూ ఇచ్చి, ఏది నమ్మాలో చెప్పడానికి ఇంకే ఆధారం కావాలో వాళ్లనే వెతకమనాలి. చరిత్రకారుడు చేసే పనిని విద్యార్థి చేత చేయించడమంటే ఇదే.

అన్నిటికంటే విలువైనవి చట్టం పనిచేస్తూ కనిపించే దృశ్యాలు. ‘సెల్మా’లో రక్తపాతం ఉన్న వంతెన ఘట్టం అందరికీ గుర్తుంటుంది. తరగతి గదికి అంతకంటే పనికొచ్చేది తొలి భాగంలోని ఒక చిన్న దృశ్యం. యానీ లీ కూపర్ అనే నల్లజాతి మహిళ ఓటరుగా నమోదు కావడానికి కార్యాలయానికి వెళుతుంది. గుమాస్తా రాజ్యాంగ పీఠిక చెప్పమంటాడు, చెబుతుంది. అలబామాలో కౌంటీ జడ్జీలు ఎంతమంది అంటాడు. 67 అంటుంది. అయితే వాళ్ల పేర్లు చెప్పు అంటాడు. దరఖాస్తు మీద తిరస్కరణ ముద్ర పడుతుంది. అక్కడ కేకలు లేవు, కొట్లాట లేదు. బల్ల వెనక కూర్చున్న ఒక చిన్న ఉద్యోగి తన పని తాను చేసుకుపోయాడు, అంతే. ఈ దృశ్యం పక్కన మూడు వాస్తవాలు పెడితే చాలు. సెల్మా ఉన్న డల్లాస్ కౌంటీలో ఓటుకు అర్హులైన నల్లజాతి వారిలో నమోదైనవారు సుమారు 2 శాతం. 1965 మార్చి 7న ఓటు హక్కు కోసం నడిచినవారిని ఎడ్మండ్ పెటస్ వంతెన దగ్గర పోలీసులు చితకబాదారు. ఆ ఏడాది ఆగస్టు 6న ఓటు హక్కు చట్టం వచ్చింది. గుమాస్తా ముద్రకు, లాఠీ దెబ్బకు, చట్టానికి మధ్య ఉన్న లంకె అప్పుడు పిల్లలకు తెగకుండా అందుతుంది.

దక్షిణాఫ్రికా విషయంలో ఇంతే స్పష్టత ఇచ్చే సినిమా 2008లో వచ్చిన ‘స్కిన్’. శాండ్రా లేంగ్ జీవితం దానికి ఆధారం. ఆమె 1955లో తెల్లజాతి తల్లిదండ్రులకు పుట్టింది, కానీ ఒంటి రంగు, జుట్టు తెల్లవారిలా లేవు. దేశంలోని ప్రతి మనిషికీ ఒక జాతి ముద్ర వేయాలని 1950 నాటి జనాభా నమోదు చట్టం శాసించింది. పదేళ్ల శాండ్రాను తెల్లవారి బడి నుంచి వెళ్లగొట్టారు. ప్రభుత్వం ఆమెను ‘కలర్డ్’ అని, అంటే మిశ్రమ జాతి అని, కాగితాల్లో మార్చింది. తండ్రి పోరాడాడు. 1967లో చట్టాన్ని సవరిస్తే మళ్లీ ‘శ్వేతజాతి’ అయింది. పెద్దయ్యాక ఒక నల్లజాతి వ్యక్తితో జీవితం పంచుకున్న ఆమె, పిల్లలు తన దగ్గరే ఉండాలంటే తనను తిరిగి ‘కలర్డ్’గా మార్చమని వేడుకోవలసి వచ్చింది. మనిషి మారలేదు, ఆమె శరీరం మారలేదు, మారిందల్లా కార్యాలయంలోని ఒక నమోదు. జాతి అనేది ప్రకృతి గీసిన గీత అనుకునే పిల్లవాడికి, దాన్ని ప్రభుత్వం గీసిందని, చెరిపి మళ్లీ గీయగలదని ఇంతకంటే బలంగా చెప్పే కథ దొరకదు. సినిమా వేసేముందు ఆ చట్టం గురించి ఒక పేజీ చదివిస్తే చాలు.

చూడగానే కోపం తెప్పించని మర్యాదస్తుల వివక్షను కూడా పిల్లలు గుర్తుపట్టాలి. లొరేన్ హాన్స్‌బెరీ నాటకం ఆధారంగా 1961లో వచ్చిన ‘ఎ రెయిజిన్ ఇన్ ది సన్’లో, తెల్లవారి పేటలో ఇల్లు కొనుక్కున్న నల్లజాతి కుటుంబం దగ్గరికి ఆ పేట సంఘం ప్రతినిధి వస్తాడు. ఎంతో వినయంగా మాట్లాడి, మీరు రాకుండా ఉంటే డబ్బిస్తామంటాడు. హాన్స్‌బెరీ తండ్రి షికాగోలో అలాంటి పేటలోనే ఇల్లు కొని, సుప్రీంకోర్టు దాకా పోరాడారు. 1940లో తీర్పు వచ్చింది. ఈ వివక్ష కాగితం మీదా ఉంది: 1930లలో అమెరికా ప్రభుత్వ గృహరుణ సంస్థ నల్లజాతి వారుండే పేటలకు పటాల మీద ఎర్ర రంగు పూసి, అక్కడ అప్పులివ్వడం ప్రమాదమని ముద్ర వేసింది. ఇల్లు కొనలేని కుటుంబానికి ఆస్తి సమకూరదు, ఆస్తి లేని కుటుంబం పిల్లలకు ఇచ్చేదేమీ ఉండదు. 1968లో గృహవసతి వివక్షను చట్టం నిషేధించినా, రెండు తరాలు పోగొట్టుకున్నది తిరిగి రాలేదు. ఆ పటాన్ని తరగతి గోడకు తగిలించి సినిమా చూపిస్తే, బోర్డులు తీసేసినంత మాత్రాన కథ ముగియలేదని పిల్లలకే అర్థమవుతుంది.

హింసను చూపించి పసి మనసులను గాయపరచవచ్చా అన్నది రెండో అభ్యంతరం. ఇది తోసిపుచ్చదగ్గది కాదు. తరగతిలో ఒకరో ఇద్దరో నల్లజాతి పిల్లలు ఉంటే, తమ పూర్వీకులు కొరడా దెబ్బలు తినడం తోటివారి మధ్య కూర్చుని చూడటం వారికి అవమానంగా ఉండవచ్చు. సన్నద్ధం చేయకుండా చూపిస్తే దీనికి విరుద్ధమూ జరుగుతుంది. 1994లో కాలిఫోర్నియాలోని ఓక్లండ్‌లో ఒక హైస్కూలు విద్యార్థులను యూదుల ఊచకోతపై తీసిన ‘షిండ్లర్స్ లిస్ట్’కు తీసుకెళితే, కొందరు ఘోరమైన దృశ్యాల దగ్గర నవ్వారు. థియేటరు వాళ్లు అందరినీ బయటికి పంపేశారు. ఎందుకు చూస్తున్నారో, ఏం చూడబోతున్నారో తెలియని పిల్లలను తప్పుపట్టి లాభం లేదు. దీనికి మెరుగైన పద్ధతీ ఉంది. 1841లో స్వేచ్ఛా జీవిగా ఉంటూ అపహరణకు గురై బానిసగా అమ్ముడుపోయిన సాలమన్ నార్తప్ ఆత్మకథ ఆధారంగా వచ్చిన ‘12 ఇయర్స్ ఎ స్లేవ్’ను 2014లో అమెరికా హైస్కూళ్లకు పంచినప్పుడు, దృశ్యాలు కుదించిన ప్రతిని, దానితో నార్తప్ పుస్తకాన్ని, టీచర్లకు మార్గదర్శినిని కలిపి ఇచ్చారు. వయసును బట్టి సినిమా, సినిమాకు ముందు సన్నాహం, తర్వాత మాట్లాడుకునే సమయం అనేవి పాటిస్తే ఈ అభ్యంతరానికి చాలావరకు జవాబు దొరుకుతుంది.

ఇలాంటి సినిమాలు ఒక జాతి మీద ద్వేషం నూరిపోస్తాయన్నది మూడో అభ్యంతరం. 2023లో ఫ్లోరిడాలో ఒక తల్లి, తెల్లవారు నల్లవారిని ద్వేషిస్తారని పిల్లలు నేర్చుకుంటారంటూ ‘రూబీ బ్రిడ్జెస్’ మీద ఫిర్యాదు చేస్తే, ఆ బడిలో ప్రదర్శన కొంతకాలం ఆపేశారు. ఆరేళ్ల పాప నిజంగా పడిన బాధను ఇంకో ఆరేళ్ల పాప చూడకూడదనడం అన్యాయం. అయినా భయానికి ఒక మూలం ఉందని ఒప్పుకోవాలి. దుర్మార్గుల కథగానే చెబితే ద్వేషం పుట్టే అవకాశం ఉంది. వ్యవస్థ కథగా చెప్పినప్పుడు పిల్లవాడు ‘తెల్లవాళ్లు ఎంత చెడ్డవాళ్లు’ అని ఆగిపోడు. ఆ రోజుల్లో ఆ గుమాస్తా కుర్చీలో నేనుంటే ఏం చేసేవాణ్ని అన్న ప్రశ్న దగ్గరికి వెళతాడు. ఇక సిలబస్ పూర్తి చేయడానికే టైము లేదనే మాట నాలుగోది. రెండున్నర గంటల సినిమా మొత్తం వేయనక్కర్లేదు. పది నిమిషాల దృశ్యం, ఒక పేజీ పత్రం, అరగంట చర్చ ఒక పీరియడ్‌లో సరిపోతాయి. 1987లో హెన్రీ హాంప్టన్ నిర్మించిన ‘ఐస్ ఆన్ ది ప్రైజ్’ లాంటి డాక్యుమెంటరీ ధారావాహికల్లో ఉద్యమంలో పాల్గొన్నవారే మాట్లాడతారు, అందులోంచి చిన్న భాగాలు తీసుకోవచ్చు.

మన పిల్లలకు అమెరికా, దక్షిణాఫ్రికా గొడవలెందుకు అనేవారూ ఉంటారు. ఆ చరిత్రలో తెలుగువాళ్లూ ఉన్నారు. 1860 నుంచి మద్రాసు రేవు మీదుగా దక్షిణాఫ్రికాలోని నాటాల్ చెరకు తోటలకు కూలికి వెళ్లినవారిలో తెలుగువారు చాలామంది. వారి వారసులు 1931లో అక్కడ ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. నివాస ప్రాంతాలను జాతుల వారీగా విడదీసిన 1950 నాటి గ్రూప్ ఏరియాస్ చట్టం డర్బన్‌లోని కేటో మేనర్ నుంచి భారతీయ కుటుంబాలను ఖాళీ చేయించింది. అమెరికా 1946 నుంచి ఏడాదికి 100 మంది భారతీయులకే వలస అవకాశం ఇచ్చేది. దేశాల వారీ కోటాలను రద్దు చేసిన చట్టం ఓటు హక్కు చట్టం వచ్చిన 1965లోనే వచ్చింది. నల్లజాతి వారు పౌరహక్కుల కోసం పోరాడి తెరిచిన దారిలోనే తర్వాత లక్షల తెలుగు కుటుంబాలు అక్కడికి చేరాయి. 1946లో అంబేడ్కర్ నల్లజాతి మేధావి డబ్ల్యూ.ఈ.బీ. డుబోయిస్‌కు ఉత్తరం రాసి, ఐక్యరాజ్యసమితికి అమెరికా నల్లజాతి వారు ఇచ్చిన విజ్ఞప్తి ప్రతులు అడిగారు. కులం, జాతి ఒకటి కావు, వాటిని కలిపి చెబితే రెండిటి మీదా అవగాహన పోతుంది. కానీ సినిమాను పత్రంతో సరిపోల్చే పద్ధతి ఎక్కడైనా పనికొస్తుంది. అంటరానితనంపై గూడవల్లి రామబ్రహ్మం ‘మాలపిల్ల’ తీసింది 1938లో. దాన్నీ, నాగరాజ్ మంజులే 2013లో తీసిన మరాఠీ ‘ఫాండ్రీ’నీ ఇదే కళ్లతో చూడవచ్చు.

సంవత్సరం చివర సిలబస్ అయిపోయాక కాలక్షేపానికి వేసే సినిమా వల్ల పిల్లలకు ఒక మధ్యాహ్నం గడిచిపోతుంది, చరిత్ర మాత్రం తప్పుగా గుర్తుండిపోతుంది. అందుకే టీచర్లకు ఒక విన్నపం. సినిమా ఎంచుకునే ముందు అందులో చట్టం పనిచేస్తూ కనిపించే దృశ్యం ఏదో వెతకండి. ఆ చట్టం ప్రతినో, పటాన్నో, తీర్పునో పిల్లల చేతికి ఇవ్వండి. సినిమా ఎక్కడ నిజం తప్పిందో ముందే పేరు పెట్టి చెప్పండి. చూశాక మూడు ప్రశ్నలు అడగండి. ఈ కథను ఎవరి వైపు నుంచి చెబుతున్నారు? ఇందులో ఎవరి మాట వినిపించలేదు? ఈ అన్యాయాన్ని రోజూ నడిపించిన కాగితం ఏది? మూడో ప్రశ్నకు పిల్లలు సొంతంగా జవాబు చెప్పగలిగారంటే ఆ సినిమా పాఠమైనట్టే.